హైదరాబాద్ పేరున్న స్పిట్‌ఫైర్‌కి ఏ రంగు వేయాలి?

మోడల్ కిట్ చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది పెట్టె మీది బొమ్మ, ఆ తర్వాత లోపలి రంగుల చార్టు. చార్టులో ఉన్న నంబర్ల ప్రకారం డబ్బాలు కొనుక్కొచ్చి పూసేస్తే విమానం తయారవుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ నిజంగా ఎగిరిన ఫలానా విమానాన్నే చేయాలని కూర్చున్నవాళ్ళకి చార్టు ఒక్కటే చాలదు. స్పిట్‌ఫైర్ అంటే రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వాడిన ఫైటర్ విమానం. “152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌కి ఏ రంగులు?” అన్న ప్రశ్నకి జవాబు లేదు. “1940 మే నెలలో ఏ రంగులు?” అంటే ఉంది. అదే ఆగస్టు అంటే జవాబు మారుతుంది. డిసెంబరు అంటే మళ్ళీ మారుతుంది.

ఇక్కడ 152ని తీసుకోవడానికి కారణం ఉంది. బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు మూడు: 110 హైదరాబాద్, 152 హైదరాబాద్, 253 హైదరాబాద్ స్టేట్. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళాలకు గుర్తుగా వచ్చిన పేర్లివి. 152 బ్యాడ్జి మీద ఉన్నది నిజాం తలపాగా, కింద నినాదం ‘నమ్మకమైన మిత్రుడు’. బ్రిటిష్ ప్రభుత్వం నిజాంని పిలిచిన బిరుదే అది. పేరు, డబ్బు హైదరాబాద్‌వి, నడిపినవాళ్ళు ఎక్కువగా బ్రిటన్, కామన్వెల్త్ దేశాల పైలట్లు. ఈ స్క్వాడ్రన్ల విమానాలను వరసగా చూస్తే 1918 నుంచి 1945 దాకా బ్రిటిష్ యుద్ధ విమానాల రంగుల కథ చాలావరకు వచ్చేస్తుంది.

విమానం ఒంటి మీద రంగుకి రెండు పనులు. శత్రువుకి కనిపించకూడదు, సొంతవాళ్ళకి కనిపించి తీరాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. ఒకదాన్ని పెంచితే రెండోది తగ్గుతుంది. రంగుల మీద వచ్చిన ప్రతి ఉత్తర్వు వెనకా ఆ నెలలో ఏ భయం పైచేయి అయిందో కనిపిస్తుంది. మోడల్ చేసేవాళ్ళు రంగుల పేర్లు బట్టీ పట్టే బదులు ఈ భయాలను గుర్తుపెట్టుకుంటే తేదీలు వాటంతట అవే గుర్తుంటాయి.

మొదటి భయం సొంతవాళ్ళ తుపాకీ గుండు. బ్రిటన్ యుద్ధం ప్రకటించి మూడు రోజులైనా గడిచాయో లేదో, 1939 సెప్టెంబరు 6న 74 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు సొంత 56 స్క్వాడ్రన్ హరికేన్ ఫైటర్లు రెండింటిని శత్రువులనుకుని కూల్చేశాయి. ఒక పైలట్ చనిపోయాడు. ‘బార్కింగ్ క్రీక్ యుద్ధం’ అని తర్వాత దానికి వెటకారంగా పేరు పెట్టుకున్నారు. అప్పటికే బ్రిటిష్ ఫైటర్ల అడుగుభాగం సగం నలుపు, సగం తెలుపు: ఎడమ రెక్క కింద నలుపు, కుడి రెక్క కింద తెలుపు. నేల మీది పరిశీలకులూ విమాన విధ్వంసక తుపాకుల దగ్గరివాళ్ళూ తల ఎత్తగానే మనదని తెలియాలనే ఆ ఏర్పాటు. పైభాగం మాత్రం పూర్తిగా దాక్కోవడానికి. ఇంగ్లండ్ పొలాల మీద పై నుంచి చూస్తే కలిసిపోయేలా డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ అనే రెండు రంగుల పెద్ద పెద్ద మడులు. రెక్కల పైభాగం మీద రౌండెల్‌లో, అంటే ఏ దేశం విమానమో చెప్పే గుండ్రటి గుర్తులో, తెలుపు కూడా ఉండదు, ఎరుపు, నీలం మాత్రమే. తెలుపు ఉంటే దూరం నుంచే మెరుస్తుంది కదా.

152 స్క్వాడ్రన్‌ని 1939 అక్టోబరులో ఆక్లింగ్టన్‌లో మళ్ళీ ఏర్పాటు చేశారు. మొదట గ్లాడియేటర్లనే పాత ఫైటర్లు, వెంటనే స్పిట్‌ఫైర్లు. ఏ స్క్వాడ్రన్‌దో తెలియడానికి విమానం పక్కన రాసే కోడ్ అక్షరాలు యూ, ఎం. ఇక 1940లో ఆ స్క్వాడ్రన్ విమానం ఒకటి చేయాలంటే క్యాలెండర్ పక్కన పెట్టుకోవాల్సిందే.

మే నెల మొదట్లో పక్కల మీది రౌండెల్ చుట్టూ పసుపు వలయం చేరింది, తోక నిలువు పలక మీద ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు వచ్చాయి. ఇది మళ్ళీ సొంతవాళ్ళ భయమే. ఉన్న రౌండెల్‌కే బయట పసుపు చేర్చాలి కాబట్టి కొన్ని విమానాల్లో వలయం సన్నగా ఉంటుంది, కొన్నింట్లో మందంగా. తోక పట్టీలు కొన్నిట్లో పలకంతా నిండిపోయి ఉంటాయి, కొలత ఖాయమైంది తర్వాతే. కిట్‌తో వచ్చే డెకాల్ షీట్ (మోడల్ మీద అతికించే గుర్తుల కాగితం) మీద అన్నీ ఒకే కొలతలో ఉంటే కొంచెం అనుమానించాలి.

జూన్ మొదట్లో నలుపు తెలుపుల అడుగుభాగం పోయి ‘స్కై’ వచ్చింది. ఫ్రాన్స్ మీద, ఇంగ్లిష్ ఛానెల్ మీద జర్మన్లతో ఎదురెదురుగా కొట్టుకునేసరికి ఆ నలుపు తెలుపులు ఆకాశంలో జెండాల్లా కనిపించడం మొదలైంది. ఇప్పుడు భయం శత్రువుది. అందుకే అడుగున రౌండెల్స్ కూడా తీసేశారు. రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టులో, మళ్ళీ పెట్టమన్నారు. సొంతవాళ్ళ భయం తిరిగొచ్చింది.

ఆ మధ్యలో, జులై 12న, 152 స్క్వాడ్రన్ ఉత్తరాన ఉన్న ఆక్లింగ్టన్ వదిలి దక్షిణ తీరంలో వార్మ్‌వెల్‌కి దిగింది. పోర్ట్‌లాండ్ రేవు మీద ఆ స్క్వాడ్రన్ చేసిన పోరాటాలు అక్కడి నుంచే. కాబట్టి ‘ఆక్లింగ్టన్, మే’ అన్న విమానానికి కడుపు నలుపు తెలుపు. ‘వార్మ్‌వెల్, ఆగస్టు’ అన్న విమానానికి స్కై. రెండూ కలిపి, నలుపు తెలుపు కడుపుతో పోర్ట్‌లాండ్ మీద ఎగిరే మోడల్ చేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, చరిత్రలో మాత్రం అది ఉండదు.

స్కై గురించి కాసేపు ఆగాలి, ఎందుకంటే మోడల్ చేసేవాళ్ళ గొడవల్లో సగం దీని దగ్గరే. ఫొటోలు తీసే నిఘా విమానాల కోసం సిడ్నీ కాటన్ వాడిన లేత ఆకుపచ్చ రంగులోంచి ఇది పుట్టింది. పేరు చూసి నీలమనుకుంటారు గానీ అసలు స్కై లేత ఆకుపచ్చ కలిసిన ఒక రకం వెన్న రంగు. ఉత్తర్వు జూన్‌లో వచ్చింది, రంగు మాత్రం అన్ని స్థావరాలకీ సరిపడా రాలేదు. దాంతో ఎక్కడికక్కడ ఉన్న డబ్బాలు కలిపి పూసుకున్నారు. కొన్ని నీలంగా తేలాయి, కొన్ని పచ్చగా. అందువల్ల 1940 వేసవి విమానానికి కొంచెం నీలం కలిసిన లేత రంగు వేసినా తప్పని కొట్టిపారేయలేం. అదే రంగు 1941 విమానానికి వేస్తే ఒప్పుకోవడం కష్టం, అప్పటికి ఫ్యాక్టరీ రంగు అందరికీ అందింది. మోడల్ రంగులమ్మే తమియా కంపెనీ స్కై డబ్బా, ఎక్స్‌ఎఫ్-21, చాలామందికి మరీ ఆకుపచ్చగా అనిపిస్తుంది. దానిలో కాస్త తెలుపు కలుపుకుంటే కళ్ళకి ఊరట. ఇంకో కంపెనీ హంబ్రోల్‌ది 90 నంబరు దీనికి దగ్గర.

నవంబరు చివర ఇంకో మలుపు. ఎడమ రెక్క కింద మళ్ళీ నలుపు, తోక ముందు స్కై రంగులో 18 అంగుళాల పట్టీ, ముక్కు మీది స్పిన్నర్ కూడా స్కై. ఆ నలుపు రెక్క 1941 ఏప్రిల్ దాకా ఉండి పోయింది, పట్టీ మాత్రం ఏళ్ళ తరబడి నిలిచింది. 1/72 స్కేల్లో, అంటే అసలు విమానంలో డెబ్భై రెండో వంతు మోడల్‌లో, ఆ పట్టీ వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, 1/48లో తొమ్మిదిన్నర. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అని రాసి స్కై పట్టీ వేసిన మోడళ్ళు ఎన్ని కనిపిస్తాయో లెక్కలేదు. 1940లో బ్రిటన్ మీద జర్మన్ల వైమానిక దాడులతో జరిగిన ఆ పోరాటం అధికారికంగా అక్టోబరు 31తో ముగిసింది. పట్టీ వచ్చింది ఆ తర్వాత. ఇంత తేలిగ్గా తప్పించుకోగల పొరపాటు ఇంకోటి లేదు.

ఆ వేసవి చివర్లోనే 253 స్క్వాడ్రన్ హరికేన్లు కెన్లీ నుంచి ఎగిరాయి, కోడ్ ఎస్, డబ్ల్యూ. తేదీల లెక్క వాటికీ ఇదే.

పై రంగుల మడులు ఎలా పడతాయన్నది కూడా ఇష్టం వచ్చినట్టు కాదు. దానికి గీసిన నమూనా ఉంది, ఆ నమూనాకి అద్దంలో ప్రతిబింబంలాంటి రెండో రూపం కూడా ఉంది. వాటిని ఎ స్కీమ్, బి స్కీమ్ అన్నారు. సీరియల్ నంబరు సరి అయితే ఒకటి, బేసి అయితే రెండోది. 1941 వచ్చేసరికి ఫైటర్ల మీద ఈ తేడా తీసేశారు. కిట్ చార్టులో ఒక్క బొమ్మే ఉండి డెకాల్స్ మాత్రం రెండు విమానాలకి ఇస్తే, సీరియల్ చివరి అంకె ఒకసారి చూసుకోవాలి.

రెండు రంగులు కలిసే అంచు ఇంకో చిక్కు. ఎయిర్ బ్రష్ కొత్తగా కొన్న ఉత్సాహంలో అంచుని పొగలా పరుస్తుంటారు. అసలు విమానం మీద ఆ కలయిక ఒక అంగుళం వెడల్పు ఉందనే అనుకుందాం. 1/72లో అది మిల్లీమీటరులో మూడోవంతు. కంటికి దాదాపు గీతలాగే కనిపిస్తుంది. చిన్న స్కేల్లో మాస్కింగ్ టేప్ పెట్టి పదునుగా కొట్టినవాళ్ళే నిజానికి దగ్గరగా ఉంటారు.

ఇవన్నీ ఫొటో చూసి తేల్చుకోవచ్చు కదా అంటే, ఫొటోలు కూడా అబద్ధం చెబుతాయి. అప్పటి నలుపు తెలుపు ఫిల్ముల్లో ఆర్థోక్రోమాటిక్ అనే రకానికి ఎరుపు కనపడదు. దానిలో ఎరుపు, పసుపు నల్లగా పడతాయి, నీలం తెల్లగా తేలిపోతుంది. పసుపు వలయం ఉన్న రౌండెల్ ఆ ఫిల్ములో చూస్తే బయట నల్లటి చుట్టు ఉన్నట్టుంటుంది. వలయమే లేదనో, ఇదేదో వేరే రంగనో అనుకుని కొత్త సిద్ధాంతాలు పుడతాయి. ఒక ఫొటోలో రంగులు చదవాలంటే ముందు అందులో మనకి కచ్చితంగా తెలిసిన ఒక గుర్తు ఎలా పడిందో చూడాలి, మిగతావి దాంతో పోల్చుకోవాలి. తెలిసిన ఎరుపే నల్లగా ఉంటే ఇక ఆ ఫొటోలో నలుపు అంటే ఏదైనా కావచ్చు.

152 కథ ఇంగ్లండ్‌తో ఆగలేదు. ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ తిరిగి 1943 చివర ఆ స్క్వాడ్రన్ భారత్‌కి వచ్చింది, అక్కడి నుంచి బర్మా సరిహద్దుకి. మోడల్ చేసేవాళ్ళకి అసలు విందు ఇక్కడే.

తూర్పున భయం ఒక చుక్క చుట్టూ తిరిగింది. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి గుండ్రం. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. వాటి రెక్కల మీద ఉన్నది ఆ ఎర్ర గుండ్రమే. బ్రిటిష్ రౌండెల్ మధ్యలో ఉన్నదీ ఎరుపే. దూరంగా, ఎండలో, అర సెకనులో నిర్ణయం తీసుకోవాల్సిన తుపాకీవాడికి నీలం వలయం కనిపించదు, మధ్యలోని ఎరుపే కనిపిస్తుంది. అందుకని ఆసియాలోని బ్రిటిష్, భారత, ఆస్ట్రేలియా విమానాల నుంచి ఎరుపు పోయింది. అమెరికావాళ్ళు కూడా తమ నక్షత్రం మధ్యలోని ఎర్ర చుక్కని 1942 మేలో తీసేశారు. మొదట్లో ఎరుపు మీద తెలుపు పూస్తే సరిపోతుందనుకున్నారు. తెలుపు అడవి మీద మరీ మెరిసింది. చివరికి ముదురు నీలం చుట్టూ, మధ్యలో తెలుపులో కాస్త నీలం కలిపిన లేత నీలం చుక్కగా స్థిరపడింది, సైజు కూడా బాగా తగ్గించారు. స్పిట్‌ఫైర్ పక్క మీద 16 అంగుళాలు, అంటే 1/72లో 5.6 మిల్లీమీటర్లు. అదే 1940లో 35 అంగుళాలు, 12.3 మిల్లీమీటర్లు. రెండు మోడళ్ళు పక్కపక్కన పెడితే భయం ఎటు తిరిగిందో కొలత పెట్టి చూసినట్టుంటుంది.

ఆ లేత నీలం కోసం డబ్బా వెతకనక్కర్లేదు. రౌండెల్ బయటి నీలంలోంచే కొంచెం తీసి తెలుపులో కలిపితే చాలు, అప్పుడు వాళ్ళు చేసిందీ అదే.

152 స్పిట్‌ఫైర్ మార్క్ 8లకి ఉన్న ఇంకో ఆకర్షణ దూకుతున్న నల్ల చిరుత. పక్కన ఉన్న చిన్న నీలం రౌండెల్ మీదుగా, ముందుకీ వెనక్కీ సాగి, రౌండెల్ కన్నా పెద్దగా ఉంటుంది. గుర్తు చిన్నదై, దాక్కోవాలి అన్న ఉత్తర్వులు ఉన్నచోటే స్క్వాడ్రన్ కుర్రాళ్ళు ఇంత చిరుత వేసుకున్నారంటే ఆ అడవుల్లో హుషారు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో అర్థమవుతుంది. చేత్తో వేసినవి కాబట్టి ఏ రెండు చిరుతలూ ఒక్కలా ఉండవు. డెకాల్ షీట్‌లో ఒక్క చిరుతనే నాలుగు విమానాలకి ఇచ్చి ఉంటే, చేసే విమానం ఫొటో ఒక్కటైనా దొరికేదాకా ఆగడం మంచిది.

దాని కింది రంగులు? ఇక్కడ ఒక్క మాటలో చెప్పడం కుదరదు. 1941 ఆగస్టులో ఇంగ్లండ్‌లో ఫైటర్లకి మట్టి రంగు తీసేసి డార్క్ గ్రీన్, ఓషన్ గ్రే పైన, మీడియం సీ గ్రే కింద పెట్టారు. పోరాటం పొలాల మీద నుంచి సముద్రం మీదికి, ఇంకా ఎత్తుకి వెళ్ళింది కాబట్టి. ఆ రంగులతోనే కొన్ని మార్క్ 8లు తూర్పుకి వచ్చాయి. మధ్యధరా కోసం తయారైనవాటికి ఎడారి రంగులు: డార్క్ ఎర్త్, మిడిల్ స్టోన్ పైన, అజూర్ బ్లూ కింద. అడవి మీద మాత్రం పచ్చ, మట్టి రంగుల జోడీ నప్పుతుందని దాన్నీ వాడారు. ఎడారి రంగులో వచ్చినదాని మీద మిడిల్ స్టోన్ చోట పచ్చ పూస్తే సగం పనితో అడవి రంగు అయిపోతుంది. నలుపు తెలుపు ఫొటోలో ఓషన్ గ్రేని, డార్క్ ఎర్త్‌ని విడదీయడం చాలాసార్లు అసాధ్యం. రెండింటి ముదురు స్థాయి అంత దగ్గర. ఇలాంటిచోట ‘ఇదే రంగు’ అని బల్ల గుద్దేవాళ్ళ కన్నా, సీరియల్ నంబరు పట్టుకుని ఆ విమానం ఫ్యాక్టరీ నుంచి ఏ దారిలో వచ్చిందో చూసేవాళ్ళ మాట నమ్మొచ్చు.

1945 మొదట్లో తూర్పున తాడు మళ్ళీ అటువైపు లాగింది. అప్పటికి బర్మా మీద జపాన్ విమానాలు అరుదైపోయాయి. దాక్కోవాల్సిన అవసరం తగ్గి, గుర్తుపట్టించుకోవాల్సిన అవసరం పెరిగింది. ముదురు రంగు విమానాల రెక్కలకి, తోకకి వెడల్పాటి తెల్ల పట్టీలు వేశారు, రంగు పూయని వెండి విమానాలకైతే ముదురు పట్టీలు. తెల్ల పట్టీలు లేని బర్మా స్పిట్‌ఫైర్ 1944 అయ్యే అవకాశం ఎక్కువ, పట్టీలుంటే 1945. ఫొటో వెనక తేదీ రాయకపోయినా ఇది చాలాసార్లు పనికొస్తుంది.

అదే చోట 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ మొదట వెంజెన్స్ డైవ్ బాంబర్లు, తర్వాత మస్కిటోలు నడిపింది. మస్కిటో చెక్కతో, జిగురుతో కట్టిన విమానం. బర్మా ఎండకీ తేమకీ జిగురు విడిపోయి 1944 చివర్లో ప్రమాదాలు జరిగాయి, వాటిని కొన్నాళ్ళు నేల మీదే ఆపేశారు. ఆ తర్వాత అక్కడి మస్కిటోలకి వెండి రంగు పూశారు. ఇది దాక్కోవడానికీ కాదు, కనిపించడానికీ కాదు, ఎండని వెనక్కి కొట్టడానికి. రంగుకి అలాంటి మూడో పని కూడా ఉందని 110 స్క్వాడ్రన్‌కి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతికేళ్ళ ముందు దాని మొదటి విమానాల మీద పూసిందీ అందుకే.

1918లో ఆ స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌కి తీసుకెళ్ళిన డీహెచ్-9ఎ బాంబర్లు నిజాం కానుక. వాటి మీద ‘హిజ్ హైనెస్ నిజాం ఆఫ్ హైదరాబాద్ బహూకరించినది’ అని రాసి, హైదరాబాద్ నంబరు ఇంత అని వేసేవారు. ఆ బట్ట రెక్కల పైభాగానికి పూసింది పీసీ 10 అనే పూత. ఓకర్ అనే పసుపు మట్టి, దీపపు మసి కలిపి వార్నిష్‌లో వేసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి నార బట్ట చివికిపోకుండా కాపాడడం దాని మొదటి పని. అడుగున రంగు లేదు, డోప్ (బట్టని బిగించే పూత) పూసిన బట్ట తన సహజమైన పాలమీగడ రంగులోనే ఉంటుంది.

పీసీ 10 పచ్చనా, గోధుమ రంగా అన్న వాదన ఎప్పటికీ తెగదు. పసుపు మట్టిలో మసి కలిస్తే ఆకుపచ్చ ఛాయ వస్తుంది, ఓకర్ ఎరుపు వైపు మొగ్గితే చాకొలెట్ అవుతుంది. వార్నిష్ ఏ రకమన్నదాన్ని బట్టి, ఎండలో ఎంతకాలం ఉందన్నదాన్ని బట్టి ఇంకా మారుతుంది. కొత్త విమానానికి పచ్చ వైపు, నెలలు ఎగిరినదానికి గోధుమ వైపు వేస్తే ఎవరితోనూ పోట్లాట రాదు. తోక పట్టీల వరస మాత్రం తేల్చి చెప్పొచ్చు: అప్పట్లో ముందు నీలం, వెనక ఎరుపు. 1930లో దాన్ని తిరగేశారు. ఆర్థోక్రోమాటిక్ ఫొటోలో నీలం తెల్లగా, ఎరుపు నల్లగా పడడం వల్ల ఈ పట్టీలు చూసి చాలామంది తికమక పడ్డారు.

ఆ విమానాల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. సీరియల్ ఎఫ్ 1010, హైదరాబాద్ నంబర్ 12ఎ. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్ళి జర్మన్లకి చిక్కింది, ఇద్దరు సిబ్బంది ఖైదీలయ్యారు. బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శించారు, రెండో ప్రపంచయుద్ధంలో పోలండ్‌కి తరలించారు, అక్కడ క్రాకోవ్‌లో మూలన పడి ఉండి 1977లో బ్రిటన్‌కి తిరిగొచ్చింది. రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దాన్ని బాగుచేసి నిలబెట్టింది. డీహెచ్-9ఎ చేసేవాళ్ళు ఎక్కువగా చూసేది దాని రంగు ఫొటోలే. ఆకారానికి, కొలతలకి, అక్షరాలు ఎక్కడ రాయాలన్నదానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగాలి. ఆ బట్ట 1918 నాటిది కాదు, దాని మీది పీసీ 10 కూడా మ్యూజియంవాళ్ళు పాత వివరాలు చదివి కలుపుకున్నదే, ఇంట్లో మోడల్ ముందు కూర్చున్నవాళ్ళు కలుపుకున్నట్టే.